కాఫీ హోటల్‌లో ఆగిపోయిన ఉత్తరం

అడవి అంచు ఊళ్లో లెక్కల టీచరుగా, అదీ తాత్కాలికంగా, చేరినప్పుడు అక్కడికి పోస్ట్‌మ్యాన్ ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. అందుకే నా ఉత్తరాలు భద్రాచలం రోడ్డు మీది కాఫీ హోటల్‌కి తెప్పించుకునేదాన్ని. శనివారం బస్సు కోసం అక్కడ కూర్చుంటే, హోటల్ నడిపే ఆమె కాఫీతో పాటు మధిర నుంచి అమ్మ రాసిన కార్డు తెచ్చి ఇచ్చేది. ఆమె కూతురు నా దగ్గరే చదివేది.

చాలా ఏళ్ల తర్వాత, ఈమధ్య ఆమె ఫోన్ చేసింది. "రోడ్డు కోసం హోటల్ కూలగొడ్తున్నరు. ఒక్కసారి రా టీచరమ్మా, నీదొకటి నా దగ్గరుంది."

వెళ్లేసరికి ముందు గది రేకులు తీసేశారు. వెనక వంటగదిలో కూర్చోబెట్టి, నా చేతిలో ఒక పాత కవరు పెట్టింది. మీద నా పేరు. అంచు చింపి ఉంది.

లోపల, ఖమ్మంలో బ్యాంకు ఇంటర్వ్యూకి రమ్మని పిలుపు. రాతపరీక్ష పాసై, నెలల తరబడి ఎదురుచూసిన ఉత్తరం. ఇక రాదని తెలిసిన రోజు ఈ హోటల్లోనే ఏడ్చాను. వీపు నిమిరి ఓదార్చింది ఈమే.

"ఎక్కడ దొరికింది?" అన్నాను.

"దొరకలే. నేనే దాచిన."

కవరు ఒళ్లో పడిపోయింది.

"బిడ్డ పదో తరగతి రాసే ఏడాది అది. నువ్వు పోతే లెక్కలు ఎవరు చెప్తరు? పరీక్షలైనంక ఇద్దామనుకున్న. అప్పటికే తారీఖు దాటింది. ఇంక ఏ మొహం పెట్టుకొని ఇయ్యను?"

మళ్లీ పరీక్ష రాద్దామంటే అప్పటికే నాకు వయసు దాటిపోయింది. టీచరు ఉద్యోగం పర్మినెంట్ కావడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. నేను అడిగింది మాత్రం ఒకటే.

"నీ బిడ్డకు తెలుసా?"

"తెల్వదు. తెలిస్తే నాతోని మాట్లాడది."

ఆమె ఏడుస్తోంది. నేను ఓదార్చలేదు. కవరు తీసుకుని బయటికొచ్చి, వచ్చిన మొదటి బస్సెక్కాను. అది ఎటు వెళుతుందో కూడా చూడలేదు.

వారం తర్వాత ఆమె కూతురు ఫోన్ చేసింది. ఆమె ఇప్పుడు నర్సు. "మేడం, మా అమ్మ మిమ్మల్ని పిలిచిందంట. ఏందట?"

"ఏం లేదమ్మా. కూలగొట్టేలోపు హోటల్ ఒకసారి చూద్దామని నేనే వచ్చాను."

ఆ మాట అంత తేలిగ్గా నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆమె తల్లి మాత్రం తర్వాత రెండుసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు.