పొట్టేలు కొమ్ముల సైకిలు

ఆళ్లగడ్డలో మా అక్కవాళ్ల ఇంటి మేడమెట్ల కింద ఆ సైకిలు కనబడగానే నేను అన్నం సంగతి మరిచిపోయాను. గోనెసంచుల వెనక నుంచి హ్యాండిల్ ఒక్కటే బయటికి కనిపిస్తోంది. అక్క కాలేజీ రోజుల్లో తొక్కిన రేసు సైకిలు అది. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి తిరిగిన హ్యాండిల్. ఆడపిల్ల అట్లా ముందుకు వంగి తొక్కుతుంటే వీధిలో జనం ఏమేమో అనేవారు. అవి వినబడేంత నెమ్మదిగా అక్క ఏనాడూ పోలేదు. తర్వాత ఆమె డ్రిల్ టీచరైంది, సైకిలు మెట్ల కిందికి చేరింది.

"అక్కా, దీన్ని నాకియ్యి. కొత్తదాని మాదిరి చేసిస్తా."

అక్క చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని నా మొహం చూసింది. "నువ్వా? పోయినేడు నా మిక్సీ బాగుజేస్తానని ఎత్తుకపోతివి. యాడుంది అది?"

మిక్సీ నంద్యాలలో మా ఇంటి అటక మీద ఒక సంచిలో ఉంది. దాని మోటారు ఇంకో సంచిలో ఉంది. ఆ మాట చెప్పకుండా మజ్జిగ తాగాను.

"సరే, ఇను," అంది అక్క. "దసరా పొద్దున మేము నలుగురు టీచర్లం అహోబిలానికి సైకిళ్ల మీద పోతాండాం. వాళ్లకు గేర్ల సైకిళ్లుండాయి. నేను తొక్కితే నా సైకిలే తొక్కుతా. వచ్చే ఏడు ఈ మోకాళ్లు ఒప్పుకుంటాయో లేదో తెలీదు. దసరాకు చేసిస్తివా, సరి. లేదంటే ముక్కలన్నీ పాత ఇనుమోనికి ఏసేస్తా. మళ్లా నా ఇంట్లో దేని మీదా నువ్వు చెయ్యి పెట్టగూడదు."

ఆ సాయంత్రమే సైకిలు బస్సెక్కించి నంద్యాలకు తెచ్చుకున్నాను.

మొదటి వారం నా సంబరం ఏమని చెప్పను! విత్తనాల కంపెనీలో పని ముగియగానే ఇంటికి పరుగు. పెరట్లో బట్టలుతికే బండ పక్కన కూర్చుని, పళ్లెంలో కిరసనాయిలు పోసుకుని, ఒక్కో నట్టూ విప్పేవాణ్ని. ఏళ్ల తరబడి పట్టేసిన నట్టు ఒకటి కిర్రుమని కదిలితే లాటరీ తగిలినట్టుండేది. పైన నీలం పెయింటు ఉంది. బావ ఇంటి గేటుకు వేయగా మిగిలింది పూసినట్టున్నాడు. ఉప్పుకాగితంతో దాన్ని రుద్దుతుంటే అడుగున నారింజ రంగు బయటపడింది, దాని మీద వెంట్రుకంత బంగారు గీత. నాకు తెలియకుండానే కేక వేశాను.

వెనక చక్రం పళ్లను రాత్రంతా నానబెట్టి, తెల్లారి వేలితో తిప్పాను. టిక్ టిక్ టిక్ టిక్! మా ఆవిడ వంటింట్లో ఉంటే పిలిచాను.

"ఏమే, బేగా రా, ఇది ఇనిపోదువు!"

ఆమె వచ్చి తల వంచి శ్రద్ధగా విన్నది. "బాగుంది. గోడ మీద గడియారం గూడా ఇట్లే టిక్కు టిక్కుమంటాది. కానీ అది టయిమెంతయిందో గూడా చెప్తాది," అని లోపలికి పోయింది.

ఆమె అట్లా ఎందుకు అన్నదో నాకు తెలుసు. నా జబ్బు అదే. విప్పేంతవరకూ నా అంత హుషారైనవాడు ఉండడు. ఆ వస్తువు పూర్తయితే ఎట్లా ఉంటుందో ఒకసారి కళ్లకు కట్టిందా, ఇక నా మనసులో అది పూర్తయిపోయినట్టే. తర్వాత చెయ్యి సాగదు. అప్పుడే ఒక స్నేహితుడు రంగు చేపలు ఇచ్చాడు. నేను అద్దాల తొట్టి కట్టే పనిలో పడ్డాను. సైకిలు ఫ్రేమ్ బట్టల దండెం కొక్కేనికి నెలల తరబడి వేలాడుతూ ఉండిపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. అక్క ఫోన్ చేసినప్పుడల్లా నోటికొచ్చింది చెప్పాను.

"రంగు పడిందా రా?"

"పడిందక్కా. మెరుస్తాంది."

"చైను?"

"చైను గూడా కొత్తది. రవంత పనుంది, అంతే."

ఆ మాటలు నమ్మి అక్క రోజూ పొద్దున్నే మోకాళ్లకు తైలం రాసుకుని స్కూలు గ్రౌండు చుట్టూ నడవడం మొదలుపెట్టింది. కొత్త బూట్లు కొనుక్కుని వాటి ఫోటో పంపింది. ఆ ఫోటో చూసుకుంటూ కూడా నేను చేపలకు మేత వేశాను. సోమరితనాన్ని ఎవరైనా మన్నిస్తారేమో. ఆ అబద్ధాన్ని మాత్రం నేనే మన్నించుకోలేకపోతున్నాను.

నవరాత్రులు మొదలయ్యాక నాకు వణుకు పట్టుకుంది. సెలవు పెట్టి పెరట్లో కూర్చున్నాను. కూర్చున్నాక వణుకు పోయి, మళ్లీ ఆ పాత పిచ్చి తిరిగొచ్చింది. ఫ్రేముకు నారింజ రంగు కొట్టాను. బంగారు గీతను మాత్రం పాతదే ఉంచి, దాని చుట్టూ ఊపిరి బిగబట్టి కుంచె నడిపాను. చక్రం తిప్పితే తాగినవాడిలా అటూ ఇటూ తూలింది. చక్రంలో ఒక్కో పుల్లనూ బిగించి, వదులు చేసి, మళ్లీ తిప్పి చూశాను. తూగు తగ్గింది. ఇంకా తగ్గింది. చివరికి చక్రం తిరుగుతోందా, ఆగి ఉందా అని అనుమానం వచ్చేటంత నిలకడగా తిరిగింది. లేచి గంతులేశాను. పక్కింటివాళ్లు గోడ మీంచి చూశారు.

చక్రాలు ఎక్కాయి, చైను ఎక్కింది. హ్యాండిల్, పెడళ్లు, బ్రేకు తీగలు మాత్రం మిగిలాయి. రేపు కూర్చుంటే గంట పని అనుకున్నాను. రేపు ఏ రోజో నాకు తట్టనే లేదు.

మర్నాడు పొద్దున్నే పెరట్లోకి పోతే నట్లు బిగించే పానాలు లేవు. ఇంట్లోకి వచ్చి చూశాను. దేవుడి పటాల ముందు పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద నా పానాలు వరుసగా పడుకుని ఉన్నాయి, ఒక్కోదానికి పసుపు, కుంకుమ బొట్టు, ఒక్కో బంతిపువ్వు. ఆయుధ పూజ. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజంతా ముట్టకూడదు. మర్నాడు ఉద్వాసన చెప్పాకే చేతిలోకి తీసుకోవాలి.

పానాల పక్కన ఇంకా ఉన్నాయి. రెండు పాటలు నేర్చుకుని మానేసిన కీబోర్డు. కుర్చీ చేద్దామని కొన్న రంపం, ఉలి. రేడియో బాగుచేద్దామని కొన్న టంకం కడ్డీ. గేలం. కెమెరా. అన్నింటికీ బొట్లే. ఇన్నేళ్లుగా నేను మొదలుపెట్టి వదిలేసినవన్నీ ఒకే దుప్పటి మీద చేరి నన్నే చూస్తున్నాయి.

"ఏమే, పానాలు ఎందుకు పెట్టినావే? నాకు ఈ పొద్దు పనుంది!"

"ఏడాదంతా లేని పని ఈ పొద్దే వచ్చిందా?" అంది మా ఆవిడ, కర్పూరం వెలిగిస్తూ. "మీరు వాటికి ఎట్లాగూ పని చెప్పరు. నన్నన్నా దండం పెట్టుకోనీండి."

సామాన్ల ముందు అంత పెద్ద మాట అనిపించుకుని, సైకిళ్ల అంగడికి పరిగెత్తాను. అంగడాయన ముస్లిం. ఆయన దగ్గరైనా పానా దొరుకుతుందని నా ఆశ. సగం షట్టరు దించి ఉంది. గాలి పంపుకు పూలదండ వేసి, ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"భాయ్, ఒక్క పానా ఇయ్యి. గంటలో తెచ్చిస్తా."

"ఈ పొద్దా? లేదు భయ్యా."

"నీకేం పట్టింపు? పండగ మాది గదా!"

"పండగ మీదే. పానా నాది. ఏడాదంతా ఇనుముతో కొట్లాడతాది పాపం. ఒక్క పొద్దు దాన్ని పండుకోనీ. కూచో, టీ తాగు."

టీ తాగాను. ఏం చేస్తాను? అక్కడే అంగడి ముందు నిలబడి అక్కకు ఫోన్ చేశాను. ఈసారి రవంత పనుందని అనలేదు. చేపల పిచ్చిలో పడ్డాననీ, నెలల తరబడి ఫ్రేమ్ దండేనికి వేలాడిందనీ, మెరుస్తాందన్న రోజున రంగే పడలేదనీ, ఇప్పుడు కూడా పెడళ్లు, బ్రేకులు లేవనీ వరుసగా చెప్పేశాను.

"అక్కా, ఇంటాండావా?"

"ఇంటాండా. మిగతాదంతా అయిందా? ఇది గూడా అబద్ధమా?"

"అయిందక్కా. నీ మీద ఒట్టు."

"నా మీదెందుకు, నీ చేపల మీద వేసుకో ఒట్టు. రేప్పొద్దున ముక్కలుగానే తీసుకొని రా. ఈడ, నా కండ్ల ముందర బిగించు. ఏడు గంటలకు మేము కదుల్తాం. నీ కోసం ఆగేది లేదు."

తెల్లవారుజామునే మా ఆవిడ స్నానం చేసి, హారతి ఇచ్చి, దుప్పటిని మెల్లగా కదిపి, పానాలు ఎత్తి నా చేతిలో పెట్టింది. "పోండి," అంది. అంతే. మొదటి బస్సెక్కాను. సైకిలు వెనక సీటు పక్కన, పెడళ్లూ హ్యాండిలూ సంచిలో. శిరివెళ్ల దాటేసరికి పొలాల మీద వెలుగు పడుతోంది. నేను కాలు నిలవనీయకుండా ఆడిస్తుంటే కండక్టరు అన్నాడు: "ఏమన్నా, నువ్వు తొక్కితే బస్సు బేగా పోతాదా?"

అక్క ఇంటి ముందు ముగ్గురు టీచర్లు గేర్ల సైకిళ్లతో సిద్ధంగా ఉన్నారు. అక్క కొత్త బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఒకావిడ నవ్వింది: "ఏం మేడం, మీ సైకిలు సంచిలో వచ్చెనే!"

అక్క నవ్వలేదు. లేచి వచ్చి ఫ్రేమును మోకాళ్ల మధ్య పట్టుకుంది. ఆమె వేలు ఆ బంగారు గీత మీద ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. "ఇది అట్లే ఉండాదే," అంది నెమ్మదిగా.

హ్యాండిల్ దాని గొట్టంలోకి దిగింది. కుడి పెడల్ ఎక్కింది. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుంది, దాన్ని ఎదురే తిప్పి బిగించాను. బ్రేకు తీగలు లాగాను. చెమట కళ్లలోకి కారుతోంది, చేతులకు గ్రీజూ కుంకుమా కలిసిపోయాయి. "ఎక్కక్కా!"

ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టాను. ఆ సన్నటి టైరు కింద అది నలిగితేనా? చటుక్కున జారి కాలువలో పడింది. అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వులోనే అక్క ముందుకు వంగి, కొమ్ములు పట్టుకుని, వీధి దాటిపోయింది. మలుపు దగ్గర తొక్కడం ఆపినప్పుడు ఆ టిక్ టిక్ టిక్ మా అందరికీ వినబడింది.

మలుపు తిరిగిన అక్క మళ్లీ వెనక్కి వచ్చి నా ముందు ఆపింది. మొహం ఎర్రగా ఉంది.

"ఏం చేసినావ్ రా నువ్వు? ఎడమ బ్రేకు చేతికి అందదు. సీటు గూడా ఎత్తు. దించు, బేగా!"

నా పనికి ఎవరైనా వంక పెట్టడం అదే మొదటిసారి. అంతకుముందు వంక పెట్టడానికి ఏదైనా పూర్తయితే గదా. నవ్వుకుంటూ సీటు దించాను, బ్రేకు సర్దాను. నలుగురూ అహోబిలం దారి పట్టారు. నారింజ రంగు అందరికంటే ముందుంది.

మా ఆవిడకు ఫోన్ చేశాను. "అక్క పోయింది! తొక్కుకుంటా పోయింది! ఇను, అటక మీద మిక్సీ సంచుంది, దించిపెట్టు. నేను వస్తాండా."

"ఒక సంచా, రెండా?" అని అడిగింది ఆమె.

"రెండు," అన్నాను.