ఖాళీగా ఉండాల్సిన ప్లేటు

ప్రయోగశాలలో ఈస్టు మీద పనిచేసి ఆ పేరు తెచ్చుకున్న ఈస్టక్క, ఈస్టులో మొక్కను మొలిపించిందని ఆమె ఆడపడుచు ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది. ప్రోటాన్లను తోడే ఎంజైమును కనిపెట్టింది ఆమేనని పక్కింటివారి నమ్మకం. డైరెక్టరుకు ఎదురు తిరిగి ప్రయోగశాల పరువు తీయబోయిందని ఒక పాత సహోద్యోగి అంటాడు. మూడు మాటలకూ ఆధారం లేదు. ఆమె చదువుకునే నాటికే ఆ ఎంజైము పాఠ్యపుస్తకాల్లో ఉంది.

ఈస్టు కణమైనా, మొక్క వేరులోని కణమైనా, దాని పొరలో ఈ ఎంజైము పంపులా పనిచేస్తుంది. ఏటీపీ అనే ఇంధనాన్ని ఖర్చుచేసి, ఆమ్లాలకు పులుపునిచ్చే ప్రోటాన్లను బయటికి నెడుతుంది. అందువల్లనే కణం చుట్టూ పులుపెక్కుతుంది. బయట కిక్కిరిసిన ప్రోటాన్లు తిరిగి లోపలికి వచ్చేటప్పుడు పోషకాలను వెంటబెట్టుకొస్తాయి. పంపు ఆగితే ఈస్టు బతకదు.

ఈస్టు సొంత పంపును ఆపి మొక్క పంపును పెడితే అది బతుకుతుందా? ఈస్టక్క తేల్చదలచింది అదే. ఆమె వాడిన ఈస్టు గాలక్టోజు అనే చక్కెర మీద ఉన్నంతకాలం సొంత పంపును తయారుచేసుకుంటుంది. గ్లూకోజు మీదికి మారిస్తే ఆ తయారీ ఆగుతుంది. మొక్క పంపు జన్యువు పెట్టిన ఈస్టు, గ్లూకోజు కలిపిన జెల్లీ పోసిన ప్లేటు మీద చక్కగా పెరిగింది. డైరెక్టరు సంబరపడి సదస్సులో ప్రకటిస్తానన్నారు. దానితో ఆమె తాత్కాలిక ఉద్యోగం పర్మనెంటవుతుందనీ అన్నారు.

అయితే మొక్క జన్యువు లేని ఈస్టును కూడా ఆమె పక్క ప్లేటులో వేసి ఉంచింది. అది ఖాళీగా ఉండాలి.

"ఇందులో ఏముందమ్మా? నాకేం కనిపించడం లేదే," అన్నారు డైరెక్టరు.

"వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి సార్."

"ఆఁ, పలచగా ఏదో ఉంది. పోనిద్దురూ, దీన్నెవరు పట్టించుకుంటారు?"

"నా కంటపడింది కదా సార్, ఇంకొకరి కంటపడదా? తయారీ ఆపాం సరే, ముందే పొరలో కూర్చున్న పాత పంపులు ఎక్కడికి పోతాయి? మా అత్తయ్య వంట మానేశానని ఎప్పుడో చెప్పారు. గరిటె మాత్రం ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది."

డైరెక్టరు నవ్వాపుకోలేకపోయారు. "మరి మీ ఉద్యోగం?"

"అదీ ఆగుతుంది. ఈ కణాల్నే తీసి మళ్లీ కొత్త గ్లూకోజు మీద వేస్తాను. పిల్లకణాలకు పంచీ పంచీ పాత పంపులు అడుగంటాలి."

సదస్సు ఆ ప్రకటన లేకుండానే ముగిసింది. ఇంట్లో అత్తగారు ఊరుకోలేదు.

"చేతికందిన ఉద్యోగాన్ని తోసేసుకుంటారటే ఎవరైనా?"

"తోసేయలేదత్తయ్యా, కాస్త ఆగమన్నాను."

"ఆగమంటే ఆగడానికి అదేమన్నా నీ మొగుడా?"

రెండోసారి వేసినప్పుడు జన్యువు లేని ప్లేటు శుభ్రంగా ఖాళీగా ఉంది. మొక్క పంపున్న ఈస్టు నెమ్మదిగానే అయినా స్పష్టంగా పెరిగింది. డైరెక్టరు తర్వాతి సదస్సులో రెండు ప్లేట్లూ పక్కపక్కన చూపించారు. ఉద్యోగం ఆలస్యంగా ఖాయమైంది.

పాత పంపుల సంగతి డైరెక్టరుకు ఆశ పెట్టకముందే ఆమెకు తట్టి ఉండాల్సింది. ఆ లోపం ఆమెదే. ఇక ఆమె చేసిన పని: మొక్క పంపు ఒక్కటే ఈస్టును బతికించగలదని, అనుమానం తీరేదాకా ఆగి, నిరూపించింది.