సీమ కుట్టు

ఈమధ్య కబడ్డీ ఆడుతూ మా మనవరాలు మడమ వెనక నరం తెంపుకుంది. కుట్టాలన్నారని మా అబ్బాయి వచ్చి చెబితే, "మరి సీమకు ఎన్నడు పోతరురా?" అన్నాను. ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారు. "సీమెందుకే అమ్మా, హైదరాబాద్‌ల పొద్దుగాల కుట్టి తెల్లారి ఇంటికి తోలుతరు" అన్నాడు వాడు. నవ్వనివ్వండి. మడమ నరమంటే సీమ, అదే ఇంగ్లండు, అని నా బుర్రలో ఊరికే పడలేదు. నా ఈడువాళ్లు తాండూరువైపు ఇంకా ఎవరైనా మిగిలి ఇది చదువుతుంటే, మా తోటికోడలి కాలు చూడటానికి బండ్లు కట్టుకుని వచ్చిన జనం వాళ్లకూ గుర్తుండే ఉంటారు.

రజాకార్ల గడబిడ సద్దుమణిగిన నాలుగైదేళ్లకు జరిగిన సంగతి. మా పుట్టింటివాళ్లకు కోట్‌పల్లి పక్కన గొర్రెల మంద ఉండేది. నన్ను మూడో తరగతి దాకా బడికి పంపి, ఆడపిల్లకు అదే ఎక్కువని తాండూరులో ఇచ్చారు. అత్తవారిదీ మంద బతుకే గానీ, మా బావగారు, అంటే మా ఆయనకు అన్న, నాపబండల వ్యాపారంలో దిగి బొంబాయి సేటుకు సరుకు పంపేదాకా ఎదిగారు. ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. మా అత్త తన కాళ్ల వెండి కడియాలు తీసి ఆమెకు తొడిగింది. పెద్దకోడలికి కడియాలు, చిన్నకోడలికి పిడకలు! నా కన్ను ఆ కడియాల మీద పెళ్లినాడే పడింది, దాచడమెందుకు.

ఒక వానాకాలం, వాకిట్లో గోడకు ఆనించిన బండ ఒకటి జారి, దాని అంచు అక్క మడమ వెనక కత్తిలా దిగింది. నెత్తురు కడిగి చూసి నరం తెగిందని చెప్పింది నేనే. గొర్రెను కోసి దూలానికి వేలాడదీసేటప్పుడు వెనక కాలి నరం కిందనే కదా కొక్కెం దూరుస్తాం, మొత్తం గొర్రె బరువు ఆ ఒక్క తాడు మీదే కదా ఆగుతుంది. "నీ నోట్లె మన్నువడ, కోడలిని గొర్రెను జేస్తివా?" అని అత్త నన్నే తిట్టింది. కట్లు కట్టే ముసలాయన వెదురుబద్దలు పెట్టి కట్టాడు. పుండు మానింది గానీ కాలు మానలేదు. అక్క నడిస్తే ఆ పాదం తెగిన చెప్పులా టపటపమని పడేది. హైదరాబాదులో చూపిస్తే ఆలస్యమైందన్నారు. అప్పుడు సేటు, లండన్‌లో డాక్టరుగా ఉన్న తన తమ్ముడు ఇలాంటివే కుడతాడని చెప్పడం, బావగారు సరేననడం, బొంబాయి నుంచి ఓడ మాట్లాడటం అన్నీ అయిపోయాయి.

ఒక్క మడమకు ఒక ఓడ! చిరిగిన చీరను దీపపు ఒత్తులకు దాచుకునేదాన్ని, నాకు తల తిరిగింది. అయితే నన్ను కాల్చింది ఖర్చు కాదు. ఆమె కాలు కోసం ఇల్లంతా కదిలింది, నా కాలు తెగితే ఎవరైనా కదులుతారా అన్న ఒక్క మాట నన్ను నిలవనీయలేదు. వాళ్లను బొంబాయి రైలెక్కించి తిరిగొస్తూ మా ఆయనను అడిగేశాను.

"నా కాలు తెగితే గిట్లనే సీమకు తోల్కపోతవా?"

"నీ కాలేడ తెగుతదే? బండనే పలుగుతది."

"నవ్వకు, చెప్పు."

"సీమ నాకేం ఎరుక? వికారాబాద్ దాటి ఎన్నడన్న పోయిన్నా? అనంతగిరి దాంక మోస్కపోత తీ. ఆడ గాలి మంచిది."

ఇల్లు చేరేదాకా ఆయనకు పది అడుగుల ముందే నడిచాను.

ఎండలు ముదిరే వేళకు అక్క తిరిగి వచ్చింది. రైలు దిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది. మడమ వెనక నిలువుగా ఒక గీత, దానికి అటూ ఇటూ చీమల బారులా చుక్కలు. జనం దానికి సీమ కుట్టు అని పేరు పెట్టారు. దోమ అనే ఊరి నుంచి చుట్టాలు, కర్ణాటక దిక్కు నుంచి కన్నడం మాట్లాడే చుట్టాలు, అందరికీ ఆ కుట్టు చూడాలనే. వాళ్లకు చాయ్ కాచిందీ, కాళ్లకు నీళ్లు మోసిందీ నేను. ఒక ముసలమ్మ ఆ గీతను వేలితో తడిమి, "మేక నరమేసి కుట్టిన్రట గదా బిడ్డా?" అంది. "ఏమో పెద్దమ్మ, మత్తుల ఉంటి. లేసినంక 'మే' అనలేదు, గందుకే నాదే కావచ్చు" అంది అక్క. ఇల్లు గొల్లుమంది. సీమ డాక్టర్లు ఆమె మడమ కుట్టారు, ఇక్కడ నాకు కళ్లు కుట్టాయి.

కుట్టు మీద బరువు ఒరుసుకోకూడదని డాక్టరు చెప్పాడట. "మూలకుండుడెందుకు, నువ్వేస్కో" అని అత్త కడియాలు నా ముందు పెట్టింది. అక్కే నా కాళ్లకు సబ్బు నురగ రాసి తొడిగి, "నీ కాళ్లకే సక్కగున్నయి చెల్లె" అంది. ఆ బతుకమ్మకు చీర కాస్త ఎత్తి కట్టుకుని ఆడాను. ఆడవాళ్లందరూ చప్పట్లు కొడుతూ వంగుతున్నారు, వంగినప్పుడల్లా అక్క బోసి మడమనే చూస్తున్నారు. నా వెండిని చూసినవాళ్లు లేరు.

ఆ తర్వాత కొన్నేళ్లకు నాకు దగ్గు పట్టుకుని విడవలేదు. అనంతగిరి గుట్ట మీది దవాఖానకు, బండి ఆగిపోయిన చోటి నుంచి, మా ఆయన నన్ను వీపున వేసుకుని ఎక్కాడు. అడవి గాలి చల్లగా తగులుతోంది, ఆయన ఎగపోస్తున్నాడు, మధ్యలో ఎక్కడా దించలేదు. అన్నమాట నిలబెట్టుకున్నాడు. అయినా అక్క ఓడెక్కింది, నేను మొగుడి వీపెక్కాను అనే నాకు మండింది. దాన్ని చూడటానికి ఒక్కరైనా బండి కట్టుకుని రాలేదు కదా!

మనవరాలి కట్టు నిన్న విప్పారు. కళ్లజోడు పెట్టుకుని వెతికితే తప్ప గీత కనబడలేదు. పక్కింటివాళ్లకు సంగతే తెలియదు, ఆ పిల్ల కూడా మేజోడు తొడిగి దాన్ని మరిచిపోయింది. కడియాలు తీసి చూపిస్తే, "అమ్మో నానమ్మా, గివేస్కుంటే రెండో నరం గూడ తెగుతది" అని నవ్వింది. నా కాళ్లకే పెట్టుకుని చూశాను, సబ్బు నురగ అక్కరలేకుండానే జారిపోయాయి. అక్క పోయింది, మా ఆయనా పోయాడు. ఇప్పుడు ఎవరి మడమకైనా కుట్టు పడుతుంది, దానికి ఎవరి కన్నూ కుట్టదు. అక్క ఉండి ఉంటే ఈ గీతనూ ఆ గీతనూ పక్కపక్కన పెట్టించి, సీమ కుట్టే ముతక అని ఒక్కసారి అనేదాన్ని. ఆమె ఏదో ఒకటి అని అందరినీ నవ్వించేది, నేను మళ్లీ మండిపోయేదాన్ని.