చేతులు వదిలే దరువు

ముగ్గురు ఆడవాళ్ళు నలభై సెకన్ల పాటు గాల్లో ఉండాలి, వాళ్ళ పక్కన పేర్లు పడుతుండాలి. దర్శకుడు ఫోన్లో నాకు ఒప్పజెప్పిన పని ఇదీ. హైదరాబాదులో తీస్తున్న వెబ్ సిరీస్‌కు టైటిల్స్ మొత్తం కదిలే బొమ్మల్లో కావాలట. ఒకామె మేడల మీద నుంచి మేడల మీదికి దూకుతుంది. ఒకామె తాడు పట్టుకుని ఊగుతూ వచ్చి దొంగల్ని తంతుంది. మూడో ఆమె నిటారుగా ఉన్న స్తంభం ఎక్కి, కొసన పొట్ట ఆనించి గిరగిరా తిరిగి, చేతులు వదిలేసి కిందికి దూకుతుంది.

"చీర కట్టుకుని ఫైట్లు చేసే హీరోయిన్లు మేడమ్. ఇట్లాంటిది ఇంతవరకు ఎవరూ చేయలేదు" అన్నాడు.

ఎవరూ చేయకపోవడమేమిటి, నా కళ్ళముందే చేశారని నోటిదాకా వచ్చింది. మింగేసి, సరేనన్నాను.

నేను మార్కాపురంలో ఉండి బొమ్మలు గీస్తాను. పలకల ఊళ్ళో ఉండి కంప్యూటర్ పలక మీద గీసుకుంటున్నానని మా నాయనకు నేనంటే వేళాకోళం. పని చెప్పుకోవడానికి సులువే. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు. ముందు దరువు వింటూ, ఏ దెబ్బకు ఏ బొమ్మ రావాలో పొడుగాటి కాగితం మీద గీతలు పెట్టుకుంటాం. కాలు నేలకు తగిలేది దెబ్బ మీదే, చెయ్యి వదిలేది దెబ్బ మీదే. రెండు మూడు బొమ్మలు అటూ ఇటూ అయితే చూసేవాళ్ళకు కారణం తెలియదు గానీ, ఏదో తేడా కొడుతుంది.

మొదటి ఇద్దరూ వారంలో తయారయ్యారు. మూడో ఆమె దగ్గర బండి ఆగిపోయింది. నాలుగుసార్లు పంపాను, నాలుగుసార్లూ తిరిగొచ్చింది.

"మేడమ్, బీట్ పడ్డాక ఆరు ఫ్రేములకు వదులుతోంది చేతులు. భయపడుతున్నట్టుంది. హీరోయిన్ భయపడకూడదు కదా."

భయపడుతున్నది హీరోయిన్ కాదు. సరిగ్గా దెబ్బ మీద పెట్టి చూసుకున్న ప్రతిసారీ నాకు వీపంతా చెమట పట్టేది. నా చేతులే ఆ బొమ్మను వెనక్కి జరిపేవి. నేను ముప్పై ఏళ్ళుగా దాచుకున్న విషయాన్ని ఒక కుర్ర దర్శకుడు ఫ్రేములు లెక్కపెట్టి పట్టుకున్నాడే అని అతని మీద ఒళ్ళు మండిపోయింది.

నాకప్పుడు పదేళ్ళు. అర్ధవీడు దగ్గర పల్లెలో మా నాయనకు కిరాణా దుకాణం ఉండేది. వానలు మొహం చాటేసిన ఏడు రైతులు గడ ఆడేవాళ్ళను పిలిపించేవారు. ఊరి ముందు పొడుగాటి గడ నాటి, దాని కొస నుంచి నాలుగు వైపులా తాళ్ళు లాగి, వాళ్ళలోనే నలుగురు మగవాళ్ళు పట్టుకుని నిలబడేవారు. వాళ్ళ ఇంటి ఆడపిల్ల ఎక్కేది. కొసన పొట్ట మీద తిరిగి, చేతులు వదిలి, ఒడిలోని గింజలు నాలుగు దిక్కులా చల్లేది. ఆ గింజలు ఏరుకుని విత్తనాల్లో కలుపుకుంటే పంట దక్కుతుందని రైతుల నమ్మకం.

ఆ ఏడు ఎక్కే పిల్లకు నా ఈడే ఉంటుంది. వాళ్ళు ఊరి బయట దిగిన పదిరోజులూ మా దుకాణానికి ఉప్పుకో బెల్లానికో వచ్చి, నా పక్కన కూచునేది. నన్ను "దుకాణం పాపా" అని పిలిచేది. దానికి అక్షరాలు రావు. నా పలక మీద వాళ్ళ నాయన పేరు రాసి చూపించాను. మూడక్షరాలు. నాలుగు రోజుల్లో తడుముకోకుండా రాసేసింది. అంతకు మించి ఒక్క అక్షరం నేర్చుకోనంది.

"చాల్లే. మా నాయన పేరొస్తే చాలు నాకు."

బదులుగా అది నాకు ఒక దరువు నేర్పింది. గడ మీద ఉన్న పిల్లతో ఎవరూ మాట్లాడకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. కింద వాళ్ళ నాయన వాయించే డోలే దానికి మాట. ఒక దరువుకు ఎక్కాలి, ఒక దరువుకు తిరగాలి. తాళ్ళు నాలుగూ బిగిశాయని కంటితో చూసుకున్నాక ఆయన ఇంకో దరువు కొడతాడు. అది వింటే చేతులు వదలాలి. పైనున్న పిల్ల తాళ్ళు చూసుకోదు, చూసుకోకూడదు. ఆ దరువు ఇంట్లోవాళ్ళకు తప్ప మరొకరికి తెలియకూడదని వాళ్ళ కట్టుబాటు.

"ఎవురికీ చెప్పగాకు. మా నాయన తోలు ఒలుస్తాడు."

చెప్పలేదు. కానీ నేర్చుకున్నది ఊరికే ఉండనిస్తుందా? ఆట రోజు అందరూ గడ చుట్టూ మూగితే, నేను దుకాణం మిద్దె ఎక్కాను. అక్కడ ఖాళీ నూనె డబ్బా ఒకటి బోర్లించి ఉంది. పిల్ల కొసన తిరిగి ఆగింది. ఇంతలో గాలి మారింది. తాడు పట్టుకున్న ఒకాయన కాళ్ళు సర్దుకుంటున్నాడు. డోలు ఆగింది. జనం నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నారు. నాకు వచ్చేసిందని దానికి తెలియాలి, అంతే నా కోరిక. డబ్బా మీద ఆ దరువు కొట్టాను.

అది చేతులు వదిలింది.

గడ ఒక పక్కకు ఒరిగింది. పిల్ల పడింది, దాని ఒడిలో గింజలూ పడ్డాయి. జనం అరుస్తూ పరిగెత్తుతుంటే, అంత గోలలోనూ ఇద్దరు ముగ్గురు వంగి గింజలు ఏరుకోవడం మిద్దె మీద నుంచి నాకు కనిపించింది. వాళ్ళను ఇప్పటికీ అసహ్యించుకుంటాను. వాళ్ళను అసహ్యించుకున్నంతసేపు నా సంగతి గుర్తుకు రాదు.

పిల్ల బతికింది గానీ తుంటి విరిగింది. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు నలుగురూ డోలు ఆయన మీద పడ్డారు. ఆ దరువు విన్నామన్నారు. అది ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు కాబట్టి ఆయనే కొట్టి ఉండాలి. మొదట "నేను కొట్టలా, నేను కొట్టలా" అని ఏడ్చాడు. పొద్దు వాలేసరికి మా దుకాణం ముందు కూచుని, తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటూ, "నా చెయ్యే కొట్టిందేమో. నాకు తెలీకండానే కొట్టిందేమో" అంటున్నాడు. మా అమ్మ ఆయనకు మంచినీళ్ళు ఇచ్చి రమ్మని చెంబు నా చేతికే ఇచ్చింది. ఇచ్చి వచ్చాను. నోరు విప్పలేదు.

దర్శకుడు నాలుగోసారి తిప్పి పంపిన రోజు, అన్నం తింటూ, ఏదో మాటల్లో వచ్చినట్టుగా మా నాయనను అడిగాను.

"ఆ గడ మీద నుంచి పడ్న పిల్లా? గిద్దలూరు స్టేషన్ కాడ దోసెలు పోస్తది గదా" అన్నాడు, మజ్జిగ పోసుకుంటూ. "ఏంది ఇప్పుడు?"

గిద్దలూరు ఎంతో దూరం లేదు. మధ్యలో బేస్తవారిపేట, కంభం. ఎన్నిసార్లు పెళ్ళిళ్ళకు పోయానో, ఎన్నిసార్లు ఆ స్టేషన్లో రైలెక్కానో. ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడగకపోవడమే నేను జీవితమంతా జాగ్రత్తగా చేసిన పని.

మర్నాడు పొద్దున్నే పోయాను. టిఫిన్ బండి వెనక ఎత్తు స్టూలు మీద కూచుని దోసెలు పోస్తోంది. ఒక కాలు నేలకు అందడం లేదు. నన్ను చూసి గరిటె ఆపింది.

"దుకాణం పాపవు గదా?"

బండి దగ్గర జనం పలచబడేదాకా నిలబడి, ఆ రోజు డబ్బా కొట్టింది నేనేనని చెప్పేశాను.

"తెల్సు" అంది. పెనం మీద నీళ్ళు చల్లి తుడిచింది. "తోలుకు రేకుకు తేడా తెలీదా నాకు? ఇన్నప్పుడే తెల్సు."

"మరి చేతులెందుకు వదిలావు?"

"ఆ దెబ్బ ఇంటే చేతులు నా మాట ఇనవు. అట్ల నేర్పినాడు మా నాయన."

పెనం మీద ఇంకో దోసె పోసింది. దాన్ని తిరగేస్తూ, నేను అడగకుండానే చెప్పుకొచ్చింది.

"బయటోళ్ళకు నేర్పిన్నని తెలిస్తే నన్ను చంపుతాడని చెప్పలా. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకున్నా. మల్లా డోలు ముట్టలా ఆయన. పోయేదాంక ఆ చెయ్యే చూసుకున్నాడు. నువ్వూ చెప్పలా, నేనూ చెప్పలా. ఇద్దరం కల్సి మా నాయన్ను చంపినాం."

కోప్పడితే తట్టుకుందామని వచ్చాను. ఆ "ఇద్దరం" అన్న మాట మాత్రం తట్టుకోలేకపోయాను. రోడ్డు మీదే ఏడ్చాను. అది ఏడవలేదు. నా ముందు ఒక దోసె పెట్టి, ఇప్పుడేం చేస్తున్నావని అడిగింది. సిగ్గుపడుతూనే ఫోన్లో బొమ్మలు చూపించాను. పక్కన వచ్చి పోయే ఆ రాతలేమిటంది. పనిచేసినవాళ్ళ పేర్లని చెప్పాను.

"మా నాయన పేరు ఎయ్యి."

క్షమించానని అది అనలేదు. నేను అడగనూ లేదు. బండి కింద ఉన్న నూనె డబ్బా లాగి, ఆ దరువు అదే కొట్టింది. ఫోన్లో పట్టుకున్నాను. మార్కాపురం వచ్చి, దాన్ని దర్శకుడికి పంపి, సంగీతంలో ఇదే వాడాలని, దీనికి ఒక పేరు వేయాలని, లేకపోతే ఇంకొకర్ని చూసుకోమని చెప్పాను. కాసేపు నసిగాడు. విన్నాక ఒప్పుకున్నాడు. ఆ రోజే కూచుని, మూడో ఆమె చేతులు దెబ్బ మీద వదిలించాను. చెమట పట్టింది. అయినా జరపలేదు. చేతులు విడిపోయిన బొమ్మ నుంచి రెండు సెకన్ల పాటు పక్కన "దరువు" అని, దాని కింద మూడక్షరాల పేరు ఉంటుంది.

అంతా పూర్తయ్యాక గిద్దలూరు పోయి, బండి దగ్గర ఫోన్ నిలబెట్టి చూపించాను. మేడల ఆమె దూకింది, తాడు ఆమె ఊగింది, మూడో ఆమె కొసన తిరిగి ఆగింది. దరువు పడింది. గరిటె దాని చేతిలోంచి జారి పిండిలో పడింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి పేరు వెళ్ళిపోయింది.

"కనపళ్ళా. మల్లా పెట్టు."

మళ్ళీ పెట్టాను. మళ్ళీ దరువు, మళ్ళీ చేతులు విడిపోయాయి, కళ్ళు మూతపడ్డాయి. మూడోసారీ అంతే. నేను సరిగ్గా దెబ్బ మీద పెట్టిన పేరు అది ఎప్పటికీ చూడలేదని అప్పుడు అర్థమైంది.

నాలుగోసారి శబ్దం పూర్తిగా తీసేసి పెట్టాను. అప్పుడు చదివింది, పిండి అంటిన వేలు ఒక్కో అక్షరం మీద పెట్టి.