డిక్కీలో గ్రైండరు

ముందే ఒప్పుకుంటాను. నా కారు ఎందుకు పరుగెత్తడం లేదో తెలుసుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ కారణం నా వీపు వెనకాలే, ఒక రేకు మూత కింద కూర్చుని ఉంది. నేను మాత్రం ముందున్న బానెట్ ఎత్తి ఎత్తి చూశాను. వెనకున్న డిక్కీ ఎత్తి చూడలేదు. పైగా నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. చేస్తున్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గనక ఆ సంగతి ఎవరికీ గుర్తుండదని ధైర్యంగా ఉండేవాణ్ణి. మా బావమరిదికి గుర్తుంది.

బావమరిది అంటే మా ఆవిడకి సొంత తమ్ముడు. నోయిడాలో నేను పనిచేసే కంపెనీలో వాణ్ణి చేర్పించింది నేనే. రెండేళ్ళలో వాడికి నాకన్నా పెద్ద కుర్చీ వచ్చింది, నాలుగేళ్ళకి నాకన్నా పెద్ద కారు వచ్చింది. కుర్చీ విషయంలో సర్దుకున్నాను, ఎవరి నడుము వాళ్ళది. కారు దగ్గరే సర్దుకోలేకపోయాను.

నాది పెళ్ళయిన కొత్తలో కొన్న చిన్న పెట్రోలు కారు. మేముండే ఢిల్లీలో పెట్రోలు బండికి పదిహేనేళ్ళే ఆయుష్షు. ఆ తర్వాత అది ఎంత ఆరోగ్యంగా ఉన్నా వేరే రాష్ట్రానికి వలస పోవాలి, లేదా తుక్కు కావాలి. నా దానికి ఈ మార్చితో పదిహేను నిండాయి. మా అమ్మాయిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన కారు అది. ఎన్ని చలికాలాలు పొగమంచులో దారి వెతుక్కుంటూ నన్ను ఆఫీసుకి చేర్చిందో లెక్కలేదు. అలాంటి దాన్ని అవమానంతో పంపడం నాకు ఇష్టం లేదు.

అవమానం ఎక్కడిదంటే, మా ఆఫీసువాళ్ళు ఏటా ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే అని ఒకటి పెడతారు. గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ మైదానం తీసుకుంటారు. పిల్లలకి గోనెసంచి పరుగు, ఆడవాళ్ళకి నిమ్మకాయ చెంచా పరుగు, మగవాళ్ళలో మిగిలిపోయిన పిల్లలకి కార్ల పరుగు. కాలేజీ వెనక తిన్నని సిమెంటు రోడ్డుంది. రెండు వైపులా తాళ్ళు కట్టి, ఒకసారికి రెండేసి కార్లు వదులుతారు. రెండువందల యాభై మీటర్లు, అంతే.

కిందటేడు చీట్లు తీస్తే నాకూ మా బావమరిదికీ జత పడింది. నేను ఆఖరి గీత దాటేసరికి వాడు బండి ఆపి, దిగి, సమోసా కొరుకుతున్నాడు. ఇందులో అతిశయోక్తి లేదు, వీడియో ఉంది. ఆ వీడియోకి ఎడ్లబండి మువ్వల చప్పుడు తగిలించి ఆఫీసు గ్రూపులో పెట్టింది కూడా వాడే.

"బావా, ఊరికే సరదాకి!" అన్నాడు.

నేనూ సరదాగానే నవ్వాను. ఆ నవ్వు జూలై దాకా పళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. జూలైలో కారు కాగితాలు తీసి తేదీలు చూసుకుంటే, దానికి ఇంకొక్క ఫ్యామిలీ డే మాత్రమే మిగిలిందని తేలింది. గెలవాలన్న దురాశ కూడా లేదు. పోయేలోగా ఒక్కసారి దాని ముక్కు వాడి బండి ముక్కు కన్నా ముందుండాలి, అంతే కోరిక.

సలహా అడిగింది కూడా వాణ్ణే. నా తెలివి అక్కడికి వచ్చింది.

"ఇంజినే బావా, ముసలిదైపోయింది. పవర్ పెంచించు. పవర్ లేకపోతే పరువేముంది?"

ఫరీదాబాద్‌లో ఒక మెకానిక్ ఉన్నాడని ఆఫీసులో ఎవరో చెప్పారు. అతను బానెట్ ఎత్తి, నాడి చూసే వైద్యుడిలా కాసేపు కళ్ళు మూసుకుని, "సర్‌జీ, పికప్ ఐసా ఆయేగా కి సీట్ పకడ్‌కే బైఠోగే" అన్నాడు. సీటు గట్టిగా పట్టుకుని కూర్చోవలసినంత ఊపు వస్తుందట. నేను ఆ రోజు నుంచే పట్టుకుని కూర్చున్నాను. ఊపు మాత్రం రాలేదు.

మొదట గాలి ఫిల్టరు మార్చాడు. తర్వాత ప్లగ్గులు. తర్వాత నా తొడంత లావున్న సైలెన్సరు ఒకటి బిగించాడు. ముందు వైపు ఇనప గార్డు కూడా తగిలించాడు. ఇది దేనికయ్యా అంటే, "లుక్ కే లియే" అన్నాడు, అందం కోసమట. వెళ్ళిన ప్రతి ఆదివారమూ కారుకి ఏదో ఒకటి చేరేది. చప్పుడు పెరిగేది, కారు మాత్రం పెరిగేది కాదు. మా గేటు దగ్గర వాచ్‌మన్ లారీ వస్తోందనుకుని రెండు తలుపులూ బార్లా తీసి, తీరా నన్ను చూసి ఒకటి మూసేసేవాడు.

"ఏవండీ, మీరు మలుపు తిరిగిన చప్పుడు వినగానే పాలు పొయ్యి మీద పెడుతున్నాను. మీరు పైకొచ్చేసరికి పొంగిపోతున్నాయి. ఇంతకు ముందు ఇంత ఆలస్యం ఉండేది కాదు" అంది మా ఆవిడ.

ఆ మాట నిజం. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఒకరోజు ఒక ఈ-రిక్షా నన్ను దాటింది. అందులో ఉన్నవాళ్ళు ఆరుగురూ తలలు తిప్పి, ఇంత గర్జించే ప్రాణి ఎందుకు కదలడం లేదా అని నన్ను జాలిగా చూశారు. గేరు మీద కోపం వచ్చింది, మెకానిక్ మీద వచ్చింది, నా డిగ్రీ మీద వచ్చింది. ఇంటికొచ్చి కాఫీలో చక్కెర తక్కువైందని అరిచాను. "పవరంతా ఇక్కడ చూపించకండి" అంది మా ఆవిడ.

జనవరి ఆఖర్లో మళ్ళీ ఫరీదాబాద్ వెళితే మెకానిక్ పెద్ద మాటే అన్నాడు: ఏకంగా ఇంజినే మార్చేద్దాం. ఒక నెల్లో పోయే కారుకి కొత్త గుండె! బయటికొచ్చేశాను. షాపు పక్కనే ధరమ్ కాంటా ఉంది, లారీలని సరుకుతో సహా తూచే కాటా. చలికి లారీలు లేవు. కాటా ముసలాయన మఫ్లరు చుట్టుకుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు. ఎందుకో చెప్పలేను, ఏమీ తోచని చిరాకుతో కారు తెచ్చి ఆ ఇనప పలక మీద ఎక్కించి, దిగి నిలబడ్డాను.

ఆయన అంకె చూసి, కారు చూసి, నన్ను చూసి, "బాబూజీ, ఘర్ షిఫ్ట్ కర్ రహే హో క్యా?" అన్నాడు.

ఇల్లు మారుతున్నారా అని. కారు పుస్తకం తీసి చూశాను. కంపెనీవాళ్ళు రాసిన బరువు కన్నా నా కారు నూట డెబ్బై కిలోలు ఎక్కువ తూగింది, అదీ నేను దిగి నిలబడ్డాక.

అప్పుడు తీశాను డిక్కీ.

రెండు బియ్యం బస్తాలు. ఢిల్లీలో బియ్యం దొరక్క కాదు. దొరికే బియ్యం వండితే మనవాళ్ళకి అన్నం తిన్నట్టుండదు. అందుకని ఊరి నుంచి ఎవరు వచ్చినా రైల్లో వాళ్ళతో ఒక బస్తా వస్తుంది. నిజాముద్దీన్ స్టేషన్ నుంచి దాన్ని మోసుకొచ్చే పని, మా కాలనీ తెలుగువాళ్ళలో ముందుగా కారు కొన్న పాపానికి, నాకు పడింది. నా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఎవరి బస్తా వాళ్ళే వచ్చి పట్టుకెళతారని డిక్కీలోనే ఉంచుతాను. వాళ్ళేమో, నేనే తెచ్చి ఇస్తానని ఉంటారు. బస్తాల పక్కన తెలుగు సంఘం వారి ఉగాది సామాను, అంటే పులిహోర కలిపే పెద్ద బేసిను, గంగాళం, గరిటెలు. పాత ఏసీ స్టెబిలైజరు. ఎత్తులో ఆపినప్పుడు చక్రాల వెనక పెట్టే రెండు ఇటుకలు. ఒక జత డంబెల్స్. అవి నా ఒళ్ళు తగ్గించుకుందామని కొన్నవి.

అన్నిటికీ అడుగున, దుప్పట్లో చుట్టి, రాళ్ళతో సహా మా ఇంటి గ్రైండరు. రెండేళ్ళ క్రితం దోసెల పిండి రుబ్బుతుంటే మోటారు కాలింది. ఆర్కే పురం వైపు బాగుచేసేవాడున్నాడు, ఆఫీసు నుంచి వస్తూ ఇచ్చి రండి అని మా ఆవిడ డిక్కీలో పెట్టించింది. అప్పటి నుంచి ఆ గ్రైండరు నాతో పాటు రోజూ ఆఫీసుకి వెళ్ళి వస్తోంది. హాజరు నాకన్నా దానిదే మెరుగు. నేను జ్వరం వస్తే ఇంట్లో ఉంటాను.

అక్కడే నిలబడి, చదువుకున్న రోజుల్లో పరీక్షలో రాసిన లెక్క మళ్ళీ వేసుకున్నాను. బండికి ఎన్ని గుర్రాల బలముంది అన్నది సగం ప్రశ్నే. ఒక్కో గుర్రం ఎన్ని కిలోలు లాగాలి అన్నది మిగతా సగం. నిలబడ్డ బండిని కదిలించి ఊపు అందుకోవలసిన చిన్న దూరంలో, తగ్గిన ప్రతి కిలో పనికొస్తుంది. ఏడు నెలల్లో మెకానిక్ నాకు తెచ్చిపెట్టిన గుర్రాలు రెండో, మహా అయితే మూడో. డిక్కీలో ఊరికే కట్టేసి మేపుతున్నవి పది పైనే.

ఆ వారమంతా మోత. మూడంతస్తులూ గ్రైండరు రాళ్ళు ఎత్తుకుని ఎక్కుతుంటే మా ఆవిడ పైమెట్టు మీద నిలబడి చూసింది.

"రెండేళ్ళ నుంచీ నేను చెబుతున్నదేవిటి?"

"గ్రైండరు బాగుచేయించమని."

"బాగుచేయించారా?"

"తేలిక చేశాను."

"కారు తేలికైంది. ఇల్లు బరువెక్కింది" అంటూ బేసిను అందుకుంది.

లావు సైలెన్సరు పోయింది, ఇనప గార్డు పోయింది. వెనక సీటు విప్పేశాను, స్టెప్నీ దించేశాను. "పాపా, మై కహా బైఠూంగీ?" అంది మా అమ్మాయి. ఎక్కడ కూర్చోవాలో చెప్పలేక, తల్లినీ కూతుర్నీ మామయ్య బండిలో రమ్మన్నాను. నేను కూడా బరువే గనక వారం రోజులు రెండేసి పుల్కాలతో సరిపెట్టుకున్నాను. పరువు కోసం ఇంత బరువు మోసినవాడూ, దించినవాడూ మా వంశంలో లేడు.

ఫ్యామిలీ డే నాడు చీట్ల గొడవ లేకుండా మమ్మల్నిద్దర్నే జతగా నిలబెట్టారు. మువ్వల వీడియో అందరికీ గుర్తుంది మరి. మా బావమరిది అద్దం దించి, ఖాళీగా ఉన్న నా కారు వెనక భాగం చూసి, "బావా, పేకర్స్ అండ్ మూవర్స్ పెట్టావా?" అన్నాడు.

జెండా ఊపారు. ఆ క్షణం నాకింకా కాళ్ళలో ఉంది. పదిహేనేళ్ళ నా కారు ఎవరో వెనకనుంచి చేత్తో తోసినట్టు ఎగిరి ముందుకి దూకింది. వాడి పెద్ద బండి ఒళ్ళు విరుచుకునేలోగా నేను రెండు కార్ల పొడుగు ముందున్నాను. అద్దంలో వాడి బండి ముక్కు కనిపించింది. అద్దంలో! సగం దూరం దాకా అలాగే ఉంది. తర్వాత వాడి గుర్రాలన్నీ నిద్రలేచాయి. బండి ఊపందుకున్నాక లెక్క మళ్ళీ పవర్ వైపే తిరుగుతుంది. ఆఖరి గీత దగ్గర వాడు నన్ను ఒక కారు పొడుగుతో ఓడించాడు. ఈసారి సమోసా తినే వ్యవధి మాత్రం లేదు.

సాయంత్రం గ్రూపులో వీడియో వచ్చింది. వాడే పెట్టాడు. అది సగం దూరం తర్వాత మొదలవుతుంది. ముందు సగం ఏదిరా అంటే, "ఫోన్ తీసేసరికి ఆలస్యమైంది బావా" అన్నాడు. "అయినా సీటు విప్పావు, చక్రం విప్పావు, ఒంటి మీద చొక్కా ఎందుకు ఉంచావు?"

అందరూ నవ్వారు. నా కోరిక తీరింది, దానికి సాక్ష్యం లేదు. మా అమ్మాయి ఒక్కతే ఇంటికొచ్చాక, "పాపా, ఆధే రాస్తే తక్ తో ఆప్ ఆగే థే" అంది. సగం దారి దాకా నువ్వే ముందున్నావని. ఆ మాట దాచుకుని, మార్చిలో సీటూ చక్రమూ తిరిగి బిగించి, కారుని వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒక మాస్టారికి అప్పగించాను. డిక్కీ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి మరీ ఇచ్చాను.

ఉగాది నాడు తెలుగు సంఘం కార్యదర్శిగారు, మేమంతా అంకుల్ అని పిలిచే రిటైరైన పెద్దాయన, దిగులుగా అడిగారు. "నీ కారు పోయిందిగా బాబూ, మరి స్టేషన్ నుంచి బియ్యం ఎలా?"

"మా బావమరిది బండి ఉందిగా అంకుల్. మొన్నే అన్నాడు, ఎంత బరువేసినా దానికి తెలియదట."

వాడు పక్కనే ఉన్నాడు. ఆ మాట వాడు అన్నదే, పదిమందిలో, ఫ్యామిలీ డే నాడు. కాదనలేక చేతిలో ఉన్న ఉగాది పచ్చడి మింగాడు. సరిగ్గా వేపపువ్వు తగిలినట్టుంది. ఆ మధ్యాహ్నమే బేసిను, గంగాళం వాడి డిక్కీ ఎక్కాయి. తర్వాత బస్తాలు మొదలయ్యాయి. అక్క మాట తీసెయ్యలేడు గనక గ్రైండరు కూడా ఎక్కింది, ఆర్కే పురం మీదుగా వెళ్ళినప్పుడు ఇచ్చి రారా అని. స్టెబిలైజరు, డంబెల్స్ నేను స్వయంగా సర్దాను, అడుగున, కనబడకుండా, అదే దుప్పట్లో.

నిన్న ఆఫీసు కాంటీన్‌లో వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"బావా, బండికి ఎందుకో ఈ మధ్య పికప్ తగ్గింది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మూలుగుతోంది. ఏమై ఉంటుందంటావ్? నువ్వు మెకానికల్ కదా."

నేను కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించాను.

"ఇంజినేరా" అన్నాను. "పవర్ పెంచించాలి. ఫరీదాబాద్‌లో నాకు తెలిసిన మెకానిక్ ఒకడున్నాడు, నంబరు పంపిస్తానుండు."