తుమ్మించే ఎయిర్ ఫిల్టర్

ఇవాళ అద్దంకి దారిలో టీ కొట్టు దగ్గర కారు స్లో చేయగానే ఇంజను గడగడా వణికి ఆగిపోయింది. బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ తీస్తే, నిండా దుమ్ము.

చిన్నప్పుడు మా నాన్న పాత కారు మిరపకాయలు ఆరబోసే కళ్లం పక్కనే ఉండేది. ఇంజను ఇలాగే ఆగిపోతుంటే, నాన్న ఫిల్టర్ తీసి అరుగుకేసి కొట్టేవారు. అందులోంచి రేగే మిరప ధూళి ఘాటుకి ఇంటిల్లిపాదీ తుమ్ములే!

"ఒరేయ్, బయల్దేరబోతూ తుమ్మారు! కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లండి," అని నాయనమ్మ కేకేసేది. ఇంజను బాగయ్యేది, ప్రయాణం ఆగేది. మన ఈడు వాళ్లంతా చెప్పండి, మీ ఇళ్లలోనూ ఇంతేగా?

ఇవాళ ఫిల్టర్‌ని టీ కొట్టు బల్లకేసి కొట్టాను. ఉత్త దుమ్మే, ఒక్క తుమ్మూ రాలేదు. మళ్లీ బిగిస్తే ఇంజను నిలకడగా తిరిగింది.

అయినా కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగే బయల్దేరాను.