నలభై సెంట్ల రాళ్లచేను

మా మేడ మీద పాత పెయింటు డబ్బాలో ఒక కాకర తీగ పాకుతోంది. తిరువూరు బస్టాండు రొదంతా వినపడే ఈ రెండు గదుల ఇంట్లో అంతకు మించిన సాగుకి చోటు లేదు. పొద్దున్నే నీళ్లు పోస్తూ ఒక ఆకు తుంచి నలిపితే, ఆ పచ్చి చేదువాసనకి మా అమ్మ వేళ్లు, ఆమె చీర కొంగు, నా తొమ్మిదో ఏడు అన్నీ కలిసి కళ్లముందుకొస్తాయి.

మాది తిరువూరుకీ ఎ.కొండూరుకీ మధ్య, రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న పల్లె. అమ్మ మరియమ్మ, నాన్న యోహాను ఇద్దరూ కూలికి వెళ్లేవాళ్లు. వానలప్పుడు వరినాట్లు, చలికాలం పత్తి తీత, ఎండలు ముదిరాక మామిడికాయ కోత. ఏ కాలంలో చూసినా వాళ్ల చేతుల్లో ఉండేది ఇంకొకరి పంటే. సాయంత్రం అమ్మ ఒళ్లో తల పెట్టుకుంటే చాలు, ఆ రోజు ఆమె ఏ చేలో పని చేసిందో వాసన పట్టి చెప్పేదాన్ని.

ఒక వేసవిలో అమ్మ నన్ను వెంటబెట్టుకుని, తను పనిచేసే మామిడితోట ఆసామి వెంకటేశ్వర్లుగారి దగ్గరికి వెళ్లింది. తోట చివర గుట్టవైపు, బలుసు పొదలు తప్ప ఏమీ మొలవని నలభై సెంట్ల రాళ్లచెక్క ఒకటి ఊరికే పడి ఉండేది.

"అయ్యగారూ, ఆ రాళ్లన్నీ ఏరి బాగుచేస్తామండి. మూడేళ్లు పంట మేం తీసుకుంటాం. తర్వాత చేను మీకు అప్పజెప్పేస్తామండి" అంది.

ఆయన నవ్వాడు. "అక్కడ మేకలే మేయవు కదా మరియమ్మా! సరే, నీ ఇష్టం. మూడేళ్లు చేసుకో."

నాన్నకి ఇది నచ్చలేదు. "కూలికి పోయేవాళ్లకి చేలెందుకే?" అన్నాడు. అన్నాడే గానీ మర్నాడు గునపం భుజాన వేసుకుని అందరికంటే ముందు నడిచింది ఆయనే. కాకపోతే ఆ చెక్కని ఎప్పుడూ "మీ అమ్మ చేను" అనేవాడు. అందులో తనకేమీ సంబంధం లేనట్టు.

ఆ వేసవంతా కూలికి పోయేముందు కాసేపు, తిరిగొచ్చాక చీకటి పడేదాకా కాసేపు రాళ్లు ఏరాం. నాన్న పెళ్లగించిన పెద్ద రాళ్లని అమ్మ గంపకెత్తి గట్టు మీద పేర్చేది. నేనూ చెల్లీ చిన్నవి గౌను ఒళ్లో పోసుకుని మోసేవాళ్లం, నున్నటివి దొరికితే అచ్చనగండ్లు ఆడుకోవడానికి దాచుకునేవాళ్లం, గాలికి రాలిన పచ్చి మామిడికాయల్ని రాతి మీద పగలగొట్టి ఉప్పూకారం అద్దుకుని పళ్లు పులిసేదాకా తినేవాళ్లం. ఒక రాయి తీస్తే కింద ఇంకోటి కనపడేది. "ఇవి పిల్లలు పెడుతున్నాయే" అని నాన్న గొణిగేవాడు.

కొనడానికేమీ లేదు గనక అమ్మ అన్నీ అడిగి తెచ్చింది. పనిచేసిన ఇళ్లలో ముదిరి పండిన కాకర, బీరకాయల గింజలు తెచ్చి బూడిదలో కలిపి ఆరబెట్టింది. పందిరికి గుట్ట మీది కర్రలు, ఎరువుకి పశువులు పోయే దారిలో ఏరిన పేడ. తొలకరికి విత్తింది. మొక్కలు జానెడు లేచాయో లేదో వాన మొహం చాటేసింది. తోటలో బోరుంది గానీ ఆ నీళ్లు మామిడికే. వాగు ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు బిందెలతో మోసి, మొక్కకో చెంబెడు పోశాం. మూడు వారాలు అలా మోశాం. మా నెత్తులు బొప్పి కట్టాయి. కొన్ని ఎండిపోయాయి, కొన్ని నిలిచాయి. వాన పడ్డాక ఆ నిలిచినవే పందిరంతా అల్లుకుని, ఆకులతో, కాయలతో కింద నేల మీద ఎండ పడకుండా చేశాయి.

అప్పుడొచ్చాడు వెంకటేశ్వర్లుగారు. వంగి గుప్పెడు మట్టి తీసి చూశాడు.

"నేల బాగా తయారైందే! ఇక్కడ నిమ్మ వేద్దామనుకుంటున్నా. ఈ కాపుతో ఆపెయ్ మరియమ్మా."

అమ్మ నా చెయ్యి వదిలి ఆయనకెదురుగా వచ్చి నిలబడింది.

"మూడేళ్లన్నారని ఊరంతా చెప్పుకున్నానండి, మా అయ్యగారు ఆడిన మాట తప్పరని. ఇప్పుడు వాళ్లకి ఏమని చెప్పమంటారు?"

ఆయన పందిరి కింద ఆ చివరికీ ఈ చివరికీ రెండుసార్లు నడిచాడు. పోతూ పోతూ "మూడేళ్లే మరి" అన్నాడు. అమ్మ ఆ సాయంత్రం ఆయనింటికి గంపెడు లేతకాయలు పంపింది.

ఆ ఏడు మా రేకుల చర్చిలో కోత పండుగ వచ్చింది. చేలున్న కుటుంబాలు తొలి పంట తెచ్చి దేవుడి ముందు పెట్టే పండుగ అది. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, బయట గంగాళాల్లో ఉడికే గుమ్మడి పులుసు ఘుమఘుమ. కూలివాళ్లం మేమెప్పుడూ రెండు కోడిగుడ్లు పట్టుకెళ్లి ఓ మూల పెట్టేవాళ్లం. ఈసారి అమ్మ పెద్ద గంప, నేను చిన్న గంప ఎత్తుకుని మధ్య నుంచి నడిచాం.

"ఎవరివమ్మా ఇంత మంచి కాయలు?" అన్నారు పాస్టరుగారు.

అమ్మ నోరు తెరిచేలోపే మగవాళ్ల వరసలోంచి నాన్న లేచి నిలబడ్డాడు. "మావేనండి. మా చేలోవి!"

అమ్మ తల వంచుకుంది. కొంగు చాటున ఆమె నవ్వడం నాకొక్కదానికే కనపడింది.

మూడేళ్లకి అమ్మ ఆ చేను అప్పజెప్పేసింది. ఆమె చేతిలో పడితే నేల బాగుపడుతుందని పేరొచ్చి, బీడు చెక్కలున్నవాళ్లే పిలిచి కౌలుకిచ్చారు. నా పదో తరగతి అయ్యేసరికి విస్సన్నపేటలో కూరలమ్మి కూడబెట్టిన డబ్బుతో ఎ.కొండూరు దారిలో కొన్న అరెకరం అమ్మ పేరు మీదికి వచ్చింది.

ఇప్పుడు ఆ మామిడితోట లేదు, ఇళ్ల స్థలాలైంది. బస్సు టాపు మీద కూరల గంపలెక్కించి విస్సన్నపేట వెళ్లే ఆడవాళ్లూ లేరు. వాగులో చెలమ తవ్వడం మా పిల్లలకి చెబితేనే గానీ తెలియదు. నాన్న కూడా లేడు.

మొన్న ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్తే, డ్రిప్పు పైపు మూసుకుపోయిన చోట సూదితో పొడుస్తూ కూర్చుంది.

"పక్క చేనోళ్లు ఈ ఏడు ఏమీ వెయ్యట్లేదంట. పాతిక సెంట్లు. అడగమంటావా?" అంది.

డెబ్భై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పుల సంగతి గుర్తుచేద్దామని నోరు తెరిచాను.

"అడిగొచ్చాలే," అంది, "రేపట్నించి చేసుకోమన్నారు."